కేకు కావాలి... గోధుమ వద్దు!

పక్కింటి పాప పుట్టినరోజు. కొవ్వొత్తులు ఊదారు, చప్పట్లు కొట్టారు, కేకు కోశారు. పిల్లలంతా కాగితం పళ్లేలు పట్టుకుని ముందుకు తోసుకొస్తున్నారు. ఏడేళ్ల పిల్లాడొకడు మాత్రం సోఫా అంచున కూర్చుని వాళ్లమ్మ వంక చూస్తున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ‘కొంచెమే కదమ్మా, చిన్న ముక్క తింటే ఏమవుతుంది? పిల్లాడి నోరు కట్టేస్తావెందుకు?’ అని పెద్దావిడెవరో కాస్త కోపంగానే అడిగారు.

ఏమవుతుందో ఆ తల్లికి తెలుసు. పిల్లాడికున్నది సీలియాక్ జబ్బు. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తి ఒంట్లోకి వెళ్తే చాలు... శరీరంలోని రక్షణ వ్యవస్థ తన చిన్నపేగు మీద తానే దాడి చేస్తుంది. పేగు లోపలి గోడకు సన్నటి నూగులా ఉండే పొర అరిగిపోతుంది. తిన్న తిండి ఒంటికి పట్టదు. విరేచనాలు, కడుపుబ్బరం, ఎంతకీ తగ్గని రక్తహీనత, ఎదగని ఎత్తు... ఇవన్నీ దాని గుర్తులే. దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ లేని తిండి తినడమొక్కటే చికిత్స.

అన్నం తినే ఇంట్లో ఇదేం జబ్బు?

నిజమే, మన దగ్గర ఇది అరుదు. దేశంలో మూడు ప్రాంతాల్లోని పెద్దల రక్తాన్ని పరీక్షించి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనం చూడండి. ఈ జబ్బును సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిలో 1.23 శాతం మందిలో, ఈశాన్యంలో 0.87 శాతం మందిలో కనిపిస్తే దక్షిణాదిలో 0.10 శాతం మందిలోనే కనిపించాయి. అరుదు కావడమే ఇక్కడి కుటుంబాలకు మరో కష్టం. పంజాబ్‌లోనో ఢిల్లీలోనో పేరు చెబితే అర్థం చేసుకునేవాళ్లు దొరుకుతారు. మన బంధువుల ఇళ్లలో ‘గోధుమ పడకపోవడమేంటి, షుగరున్నవాళ్లంతా చపాతీలే తింటుంటేనూ’ అంటారు.

అసలు తప్పు గోధుమదేనని ప్రపంచానికి తెలిసి ఎంతో కాలం కాలేదు. విల్లెమ్ కారెల్ డికె అనే డచ్చి పిల్లల వైద్యుడికి ముందునుంచే అనుమానం ఉంది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌ను కరవు కమ్మేసింది. బ్రెడ్డు కరవై జనం అల్లాడిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. మళ్లీ బ్రెడ్డు వచ్చింది, జబ్బు తిరగబెట్టింది. గోధుమకీ జబ్బుకీ ఉన్న సంబంధాన్ని 1950లో ఆయన తన సిద్ధాంత గ్రంథంలో వివరంగా రాశారు.

మన పిల్లాడి సంగతికొద్దాం. ఇంట్లో ఉన్నంతసేపూ పెద్ద ఇబ్బంది లేదు. ఇడ్లీ, అట్టు, పెసరట్టు, అన్నం, పప్పు... అన్నీ తినొచ్చు. పండగొస్తే అరిసెలు, సున్నుండలు, సకినాలు, జంతికలు, పూతరేకులు. గోధుమ తగలని పిండివంటలు మన దగ్గరున్నన్ని ఇంకెక్కడున్నాయో చెప్పడం కష్టమే. కాజా, బొబ్బట్టు, జిలేబీ దగ్గర ఆగితే సరిపోతుంది. కాకపోతే పిల్లాడికి కావాల్సింది సున్నుండ కాదు. స్కూల్లో పక్కవాడి డబ్బాలో ఉన్న శాండ్‌విచ్. బేకరీ గాజు బీరువాలో ఉన్న క్రీమ్ బన్ను. చాయ్‌లో తాతయ్య ముంచుకునే ఉస్మానియా బిస్కెట్టు. అమ్మానాన్నలు కొట్ల చుట్టూ తిరగడం మొదలయ్యేది అక్కడే.

జొన్న బిస్కెట్టులో జొన్నలెన్ని?

సూపర్ మార్కెట్ అరల్లో ఇప్పుడు రాగి బిస్కెట్లు, జొన్న కుకీలు, మల్టీగ్రెయిన్ బ్రెడ్లు వరసగా కనిపిస్తాయి. 2023ని ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక వీటి సందడి ఇంకా పెరిగింది. ప్యాకెట్టు మీద రాగి కంకి బొమ్మ చూసి సంబరపడి కొనేస్తే దెబ్బతినేది ఇక్కడే. ప్యాకెట్టు తిప్పాలి. వెనకవైపు చిన్న అక్షరాల్లో దినుసుల జాబితా ఉంటుంది. ఏది ఎక్కువ వేస్తే దాని పేరు ముందు రాయాలన్నది నిబంధన. అక్కడ మొదటి పేరు మైదానో గోధుమపిండో అయితే ముందువైపు ఎన్ని కంకులుంటే మాత్రం ఏం లాభం? మల్టీగ్రెయిన్ అంటే చాలా గింజలు కలిపారని అర్థం. గోధుమ లేదని కాదు. బ్రౌన్ బ్రెడ్ అయితే ఎటూ గోధుమదే. దాని రంగు కూడా ఒక్కోసారి తవుడుది కాదు, కారమెల్‌ది. 150 అంకెతో మొదలయ్యే రంగు పేరు జాబితాలో ఉందేమో చూస్తే తెలిసిపోతుంది.

జాబితా చివర ఇంకో ముఖ్యమైన వాక్యం ఉంటుంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన లేబుల్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్లు, వేరుసెనగ, సోయా లాంటివి వాడితే ‘కంటెయిన్స్’ అని విడిగా రాయాలి. వాడకపోయినా అదే యంత్రాల మీద తయారవుతూ కలిసే వీలుంటే ‘మే కంటెయిన్’ అని రాస్తారు. సీలియాక్ ఉన్నవాళ్లు ఈ రెండో మాటనీ తేలిగ్గా తీసుకోకూడదు.

‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాయాలంటే కిలో పదార్థంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు మించకూడదు. ఇదెంతో తెలియాలంటే చిన్న లెక్క వేసుకోవచ్చు. మామూలు గోధుమ బ్రెడ్డు ముక్క ఒక్కదాంట్లో సుమారు రెండు గ్రాముల గ్లూటెన్, అంటే 2000 మిల్లీగ్రాములు ఉంటుంది. గ్లూటెన్ ఫ్రీ బ్రెడ్డు వంద గ్రాములు తిన్నా లోపలికెళ్లేది రెండు మిల్లీగ్రాములు దాటదు. రోజుకి 50 మిల్లీగ్రాముల చొప్పున కొన్నాళ్లు వెళ్లినా పేగు దెబ్బతినొచ్చని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ 50 మిల్లీగ్రాములు బ్రెడ్డు ముక్కలో నలభయ్యో వంతులోనే ఉన్నాయి. ‘చిన్న ముక్క’ అన్న పెద్దావిడకి అదీ జవాబు.

‘వీట్ ఫ్రీ’ అని రాసినంత మాత్రాన నమ్మడానికి లేదు. గోధుమ లేకపోయినా బార్లీ మాల్టు ఉండొచ్చు. మొక్కజొన్న అటుకుల్లో, పాలలో కలిపే పొడుల్లో ఈ మాల్టు తరచూ కనిపిస్తుంది. ఓట్స్‌ది ఇంకో తంటా. ఆ గింజలో గ్లూటెన్ లేదుగానీ పొలం నుంచి మిల్లు దాకా గోధుమతో కలిసే తిరుగుతుంది. గ్లూటెన్ ఫ్రీ అని ప్రత్యేకంగా రాసినవే కొనాలి. అవీ డాక్టరునడిగి మొదలుపెట్టాలి. కొందరికి అవి కూడా పడవు.

కొట్టుడు బ్రెడ్డు కాదు... ఎండు బ్రెడ్డు!

వెతగ్గా వెతగ్గా గ్లూటెన్ లేని బ్రెడ్డు దొరికిందనుకుందాం. పెద్ద సూపర్ మార్కెట్లలో, ఆన్‌లైన్లో ఇప్పుడు దొరుకుతోంది కూడా. ధర చూస్తే మామూలు బ్రెడ్డుకి ఎన్నో రెట్లు. ఇంటికి తెచ్చి విప్పితే ముక్క అరచేతిలో సగం. వంచితే విరుగుతుంది. తయారీదారుడి పిసినారితనం అనుకోవద్దు. పిండిని సాగదీసేదీ, పొంగిన గాలిని లోపల పట్టి ఉంచేదీ గ్లూటెనే. అది లేకపోతే బ్రెడ్డుకి వెన్నెముక లేనట్టే. దాని బదులు బియ్యప్పిండి, కర్రపెండలం, బంగాళాదుంప పిండి కలిపి, పట్టు కోసం జాంతన్ గమ్మో, మనింట్లో మలబద్ధకానికి వాడే ఇసబ్‌గోలో, గుడ్డు తెల్లసొనో వేస్తారు. ఎంత చేసినా త్వరగా ఎండిపోతుంది.

అందుకే తెచ్చినరోజే ముక్కల మధ్య కాగితం పెట్టి ఫ్రీజర్లో దాచాలి. కావాల్సినప్పుడు తీసి పెనం మీద వెన్నతో కాల్చాలి. కాల్చకుండా తింటే పిల్లాడు రెండోసారి అడగడు. ఇంట్లో అందరూ వాడే టోస్టరు మాత్రం వద్దు. దాని అడుగున పాత గోధుమ బ్రెడ్డు పొడి ఉంటుంది.

ఇంకోమాట. గ్లూటెన్ లేదు కదాని ఆ బిస్కెట్లు ఆరోగ్యం అనుకుంటే పొరపాటే. చాలావాటిలో పిండి పదార్థం, చక్కెర, నూనె ఎక్కువ, పీచు తక్కువ. చిన్నప్పుడే వచ్చే టైప్ 1 మధుమేహం ఉన్నవాళ్లలో సీలియాక్ కూడా ఎక్కువే కనిపిస్తుంది. రెండూ ఉన్న పిల్లల ఇళ్లలో ప్యాకెట్టు వెనక ఒక వాక్యం కాదు, మొత్తం పట్టిక చదవాల్సి వస్తుంది.

బేకరీలో విడిగా అమ్మే సరుక్కి ఆ పట్టిక కూడా ఉండదు. యజమాని మంచివాడే కావచ్చు. ‘మీ కోసం బియ్యప్పిండితో కేకు చేసిస్తా’ అనొచ్చు. కానీ అదే బల్ల, అదే జల్లెడ, అదే ఓవెను, గాల్లో తేలే అదే మైదా. విడి వంటగదిలో, గోధుమ అడుగుపెట్టనివ్వకుండా చేసేవాళ్లయితేనే కొనొచ్చు. ఆ మాట అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఇంగువ డబ్బా తిప్పి చూశారా?

బేకరీ దాటొచ్చాక ఊపిరి పీల్చుకుంటే సాంబారులో దొరికిపోతారు. మనం వాడే కూటు ఇంగువలో చాలా రకాలకు గోధుమపిండో మైదానో కలుపుతారు. బియ్యప్పిండి కలిపినవీ ఉన్నాయి. డబ్బా మీద చూసుకుని తెచ్చుకోవాలి. గుళ్లో పులిహోర దగ్గరా ఇదే అనుమానం. సత్యనారాయణ వ్రతం ప్రసాదమైతే అనుమానమే అక్కర్లేదు, అది గోధుమ నూకే. మిరపకాయ బజ్జీ సెనగపిండిదే అయినా, మైసూరు బజ్జీలు వేసిన నూనెలోనే వేయిస్తే వదులుకోవాల్సిందే.

తెలంగాణ ఇళ్లలో జొన్నరొట్టె ఎటూ ఉంది. తిప్పలు గిర్నీ దగ్గర. ముందు వచ్చినవాళ్లు గోధుమలు పట్టించుకుని వెళ్తే ఆ పిండి రాళ్ల మధ్య మిగిలి మన జొన్నపిండిలోకే వస్తుంది. చిన్న పిండిమర ఇంట్లో పెట్టుకునేది అందుకే. మిక్సీలో పట్టి జల్లించుకునేవాళ్లూ ఉన్నారు. ఆ జల్లెడ కూడా వేరేది కావాలి.

నిజానికి కొట్టు బ్రెడ్డుతో పోల్చదగ్గది మన వంటింట్లోనే ఉంది... దిబ్బరొట్టె! మినప్పప్పు, బియ్యపు రవ్వ. మందపాటి మూకుడులో సన్నని సెగ మీద మూత పెట్టి కాలిస్తే పైన కరకర, లోపల మెత్తన. అడ్డంగా కోసి మధ్యలో పచ్చడి, వెన్న, కీరదోస ముక్కలు పెడితే శాండ్‌విచ్ కాదనేదెవరు? క్లాసులో పిల్లలు ఒకటి రెండు రోజులు వింతగా చూస్తారు. మూడోరోజు రుచి అడుగుతారు.

ఇదంతా చదివి ‘మా వాడికీ అదేనేమో’ అని రేపట్నుంచే గోధుమ మానేయకండి. మానేస్తే రక్తపరీక్షలో యాంటీబాడీలు తగ్గిపోయి జబ్బు ఉన్నా దొరకదు. మామూలుగా తింటూనే డాక్టరు దగ్గరికెళ్లాలి. టీటీజీ రక్తపరీక్ష, అవసరమైతే ఎండోస్కోపీలో పేగు ముక్క పరీక్ష చేస్తారు. ఒకరికి ఉందని తేలితే తోబుట్టువులకీ తల్లిదండ్రులకీ చూపించాలి. గోధుమ ఎలర్జీ, సీలియాక్ ఒకటి కావు. ఏదన్నది తేల్చాల్సింది డాక్టరే.

మళ్లీ ఆ పుట్టినరోజు దగ్గరికి వెళ్తే... పిల్లాణ్ని సోఫా అంచున కూర్చోబెట్టకుండా ఉండే మార్గం ఒకటుంది. తీరికున్న ఆదివారం రాగిపిండి, బియ్యప్పిండి, బెల్లం, గుడ్లు కలిపి ఓ డజను కప్‌కేకులు చేసి ఫ్రీజర్లో పెట్టుకోవడం. పార్టీ రోజు మధ్యాహ్నం ఒకటి తీసి బయటపెడితే సాయంత్రానికి మెత్తబడుతుంది. పైన కాస్త క్రీము, నాలుగు రంగు చక్కెర పూసలు. వాటి జాబితా కూడా చూసే కొనాలి. డబ్బా మూత మీద పిల్లాడి పేరు పెద్దక్షరాలతో రాయడం మర్చిపోవద్దు. లేకపోతే కేకు కోసేలోపే ఇంకెవరో తినేస్తారు.