సముద్రం ఒడ్డునే, అయినా వాన లేదు

1903 అక్టోబరు నుంచి 1918 జనవరి దాకా అరికాలో చినుకు పడలేదు. పద్నాలుగేళ్లకు పైగా! ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కల్లో అది ఇప్పటికీ రికార్డే. ఇదేదో ఎడారి నడిబొడ్డున ఉన్న ఊరనుకునేరు. చిలీ ఉత్తర కొసన, పసిఫిక్ మహాసముద్రం ఒడ్డునే ఉన్న రేవు పట్టణం.

భూమధ్యరేఖకు దక్షిణంగా పద్దెనిమిదిన్నర డిగ్రీల మీద అరికా ఉంటే, ఉత్తరంగా ఇంచుమించు అంతే దూరంలో మన విశాఖ ఉంది. రెండూ సముద్రాన్ని ఆనుకున్నవే. విశాఖలో ఏటా సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన కురిస్తే, అరికా సగటు ఒక్క మిల్లీమీటరుకు చేరదు. ఉష్ణ, సమశీతోష్ణ, శీతల మండలాలంటూ బడిలో రంగులేసుకున్న బొమ్మ ఈ తేడాను చెప్పలేదు.

చెప్పగలిగేది సముద్రమే. దక్షిణం నుంచి తీరం వెంట పారే హంబోల్ట్ ప్రవాహం చల్లనిది. దాన్ని తాకిన గాలి కింద చల్లబడి బరువెక్కుతుంది. పసిఫిక్ మీది అధిక పీడనం వల్ల పైనుంచి దిగే గాలేమో వేడెక్కి, దానిపై మూతలా కూర్చుంటుంది. తడి గాలి పైకి లేస్తే కదా వాన మబ్బు కట్టేది! తూర్పున అమెజాన్ వైపు నుంచి వచ్చే తేమను అండీస్ కొండలు ఆపేస్తాయి. అలాగని గాలి పొడిగా ఉంటుందా అంటే, అదీ కాదు. ఈ తీరంలో ‘కమంచాక’ అనే దట్టమైన పొగమంచు కొండల మీదికి పాకుతుంది. చిలీలో కొన్నిచోట్ల వలలు కట్టి దాన్నుంచే నీళ్లు పట్టారు.

ఎడారి అంటే మండుటెండ అన్న లెక్క కూడా ఇక్కడ తప్పుతుంది. నడివేసవిలోనూ పగటి వేడి ముప్ఫై డిగ్రీలు దాటడం అరుదు. ఆ చల్లటి నీరు అడుగునుంచి పోషకాలను పైకి తెస్తుంది కనుక నెత్తళ్లకు కొదవలేదు, వాటి కోసం కాచుకునే పెలికాన్లకూ కొదవలేదు. ఆ చేపల మీద బతికిన చించోరో జనం సుమారు ఏడు వేల ఏళ్ల కిందటే, ఈజిప్టు వాళ్లకంటే ఎంతో ముందుగా, తమవాళ్ల దేహాలను మమ్మీలు చేసి దాచుకున్నారు. పొడి నేల వాటిని నేటిదాకా కాపాడింది. 2021లో యునెస్కో ఆ మమ్మీలు దొరికిన స్థలాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

నా మటుకు అరికా అసలు విశేషం ఊరు దాటాకే. తూర్పు రోడ్డు పట్టుకుంటే ముందు లూటా లోయ, ఉప్పునీటిని తట్టుకునే మొక్కజొన్న. ఆపైన ఏ మొక్కా లేని నేల, తర్వాత నిలువెత్తు కాక్టస్‌లు, 3,500 మీటర్ల దగ్గర ఒరెగానో పండించే పుత్రే. రెండు వందల కిలోమీటర్లు నిండకముందే, 4,500 మీటర్ల ఎత్తున చుంగరా సరస్సు, ఫ్లెమింగోలు, మంచు కప్పుకున్న అగ్నిపర్వతం. వృక్షజాలాన్ని చూసి శీతోష్ణస్థితులను విభజించిన కోపెన్ లెక్కలో చెప్పాలంటే, ఎడారిలో బయల్దేరి టండ్రాకు చేరినట్టే. పొద్దున టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్న భోజనానికి అక్కడుంటారు. ఎత్తు పడక తలనొప్పి రాకపోతే ఆ భోజనం సయిస్తుంది కూడా.

ఆ ఎత్తుల్లో జనవరి, ఫిబ్రవరి నెలల్లో వానలు పడతాయి. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉండే సాన్ హోసే నది అప్పుడు పారుతుంది, ఒక్కోసారి పొంగుతుంది. నెత్తిన ఎండ కాస్తుండగానే ఆ నది పారే అజాపా లోయలోని ఆలివ్ తోటల రైతులు వరద గురించి కంగారు పడాల్సి వస్తుంది.