నాన్న వేళ్ళ మీద జుట్టుపోలిగాడు

ఆ వీడియో నాకు పొరపాటున దొరికింది. నేను వెతికింది బొమ్మల కోసం కాదు, 'ఎడమ చేతి వేళ్ళకు వ్యాయామాలు' అని కొట్టాను. రాత్రి పదకొండు దాటింది. మలక్‌పేటలో మా వీధికి ఆ వేళకి కూడా నిద్ర రాదు. మూల మీద ఇరానీ హోటల్లో గ్లాసుల చప్పుడు, పైన మెట్రో ఆఖరి రైళ్ళ మోత. పక్క గదిలో నాన్న మెలకువగానే ఉన్నాడని దగ్గు చెబుతూనే ఉంది.

నాన్నకి డెబ్భై నాలుగేళ్ళు. పక్షవాతం వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. కాలు కొంత దారికొచ్చింది, కర్ర పట్టుకుని బాల్కనీ దాకా వెళ్ళగలడు. ఎడమ చెయ్యి మాత్రం మొరాయించింది. ఫిజియోథెరపీ అబ్బాయి ఒక పసుపుపచ్చ రబ్బరు బంతి ఇచ్చి రోజుకి వంద సార్లు నొక్కమన్నాడు. నాన్న పది సార్లు నొక్కేవాడు, పదకొండోసారి బంతి మంచం కిందికి దొర్లిపోయేది. అది దొర్లిందో దొర్లించబడిందో నాకు తెలుసు. "చిన్నపిల్లోళ్ళ ఆట నాకెందుకు పాపా" అనేవాడు. అనంతపురం జిల్లా వాళ్ళం. ఇరవై ఏళ్ళుగా హైదరాబాద్‌లో ఉన్నా ఆయన మాట ధర్మవరం దాటి రాలేదు.

సరే, ఆ వీడియో. బల్ల మీద జానెడు బొమ్మ ఒకటి నడుస్తోంది. ఆగుతుంది, తల వంచి ఏదో ఆలోచిస్తుంది, మళ్ళీ గెంతుతుంది. కాసేపటికి గానీ నాకు వెలగలేదు, ఆ బొమ్మ కాళ్ళు కాళ్ళు కావు, ఒక మనిషి చూపుడు వేలూ మధ్య వేలూ! రెండో చెయ్యి వెనక నుంచి బొమ్మ తలనీ చేతుల్నీ ఆడిస్తోంది. ఆ కుర్రాడి పేరు బార్నబీ డిక్సన్, బ్రిటన్. బొమ్మల్ని తనే తయారు చేసుకుని, తనే ఆడించి యూట్యూబ్‌లో పెడతాడు. తర్వాత నెట్‌ఫ్లిక్స్ వాళ్ళ 'డార్క్ క్రిస్టల్' సిరీస్‌లోనూ బొమ్మలాడించాడు. మూడు సార్లు చూశాను. నేను చూస్తున్నది బొమ్మని కాదు, ఆ రెండు వేళ్ళని.

పొద్దున్నే కాఫీతోపాటు ఫోన్ నాన్న ముందు పెట్టాను. చూశాడు. ముఖం చిట్లించాడు.

"ఇదేం గొప్ప? మా కాడ రావణాసురుడు మనిషంత ఎత్తుండేవాడు. పది తలకాయలు! తెర మీదికొస్తే ఆడోళ్ళు పిల్లోళ్ళ కండ్లు మూసేవాళ్ళు."

అక్కడ మొదలైంది. నాన్న తోలుబొమ్మలాట గురించి చెప్పడం నా యాభై ఏళ్ళలో అదే మొదటిసారి. సంక్రాంతి పోయాక పొలం పనులు తగ్గిన రోజుల్లో బొమ్మలోళ్ళు వచ్చేవారట. ఊరి బయట గుంజలు పాతి తెల్ల పంచె కట్టి, వెనకాల ఆముదం దీపాలు పెట్టేవాళ్ళు. ఆట రాత్రి భోజనాలయ్యాక మొదలై తెల్లవారి కోడి కూసేదాకా సాగేది. ఇంటిల్లిపాదీ కళాకారులే. ఆడవాళ్ళే సీత పాటా మండోదరి పాటా పాడతారు, చంకలో పిల్లవాణ్ణి వేసుకుని. యుద్ధం వస్తే కాళ్ళ కింద చెక్కలు తొక్కి టపటపలాడిస్తారు. రామాయణం మధ్యలో ఎవరికైనా కునుకు పట్టిందనుకోండి, జుట్టుపోలిగాడూ బంగారక్కా వచ్చేస్తారు. వాళ్ళ మాటలు ఈ పత్రికలో వేయడానికి కుదరవు. నాన్న నాకు కూడా సగమే చెప్పాడు.

ఆ సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. రోజంతా నాన్న చూస్తూనే ఉన్నాడు. ఒకటి చూస్తే దాని పక్కన ఇంకో పది వస్తాయి కదా, అలా ఆయన కేరళ వెళ్ళాడు, అక్కడి నుంచి చెకొస్లొవేకియా వెళ్ళాడు.

కేరళలో మూళిక్కల్ పంకజాక్షి అనే పెద్దావిడ. బొమ్మలమర్చిన కర్రని పై పెదవి మీద నిలబెట్టుకుంటుంది. చూపంతా దాని మీదే పెట్టి, కిందినుంచి దారాలు లాగుతూ బొమ్మల్ని ఆడిస్తుంది. 'నోక్కువిద్య పావకళి' అంటారు. 'నోక్కు' అంటే చూపు. 2020లో ఆవిడకి పద్మశ్రీ ఇచ్చారు. మనవరాలు రంజిని నేర్చుకుంది కాబట్టి ఆ విద్య నిలిచింది. అదే 2020లో మన దళవాయి చలపతిరావు గారికీ పద్మశ్రీ వచ్చింది. ఆయనది ధర్మవరం దగ్గర నిమ్మలకుంట. అంటే నాన్న సొంత సీమ. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు, ఒక మలయాళీ అవ్వ వీడియో చూస్తే గానీ తెలిసిరాలేదు. ఇదీ మన వరస.

చెకొస్లొవేకియా సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇర్జీ త్రన్కా అనే దర్శకుడు 1965లో తీసిన బొమ్మల లఘుచిత్రం ఉంది. పేరు 'చెయ్యి'. పద్దెనిమిది నిమిషాలే. మాటలు లేవు, కాబట్టి భాష బాధ లేదు. ఒక చిన్న గదిలో ఒక కుమ్మరి. తన పూలమొక్క కోసం కుండీ చేసుకుంటుంటాడు. పెద్ద చెయ్యి ఒకటి లోపలికొచ్చి కుండ వద్దు, నా విగ్రహం చెయ్యి అంటుంది. వద్దంటే బతిమాలుతుంది, డబ్బు చూపిస్తుంది, బెదిరిస్తుంది. చివరికి దారాలు కట్టి అతని చేతే తన విగ్రహం చెక్కించుకుంటుంది. తప్పించుకుని ఇంటికొచ్చి అతను చనిపోతే, ఆ చెయ్యే ఘనంగా అంత్యక్రియలూ జరిపిస్తుంది. త్రన్కా 1969లో పోయాక అక్కడి ప్రభుత్వం ఆ సినిమాని నిషేధించింది. ఆ కుమ్మరి ముఖంలో ఒక్క గీత కూడా కదలదు. చెక్కబొమ్మ కదా. అయినా భయం కనిపిస్తుంది, అలసట కనిపిస్తుంది. వెలుతురు పడే కోణం మార్చి, తల కాస్త వంచి సాధించాడట. నాన్న గుమాస్తాగా ముప్ఫై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాడు. సినిమా అయ్యాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది మా ఆఫీసు కథే" అన్నాడు.

ఇంకొకటి, 'మేడమ్ టుట్లీ పుట్లీ', కెనడా, 2007. రైల్లో ఒంటరిగా ప్రయాణించే ఆడబొమ్మ. ఆ బొమ్మకి నిజం మనిషి కళ్ళు అతికించారు కంప్యూటర్లో. నాకు నచ్చింది. నాన్నకి భయమేసింది, ఆపెయ్యమన్నాడు.

ఆయన్ని నిజంగా కదిలించింది మాత్రం లోటే రైనిగర్. జర్మనీ ఆవిడ. నల్ల అట్ట కత్తిరించి, కీళ్ళ దగ్గర తీగలతో కలిపి, కింద దీపం వెలిగే గాజుబల్ల మీద పరిచి, కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కో ఫొటో తీసి సినిమా చేసింది. 'రాకుమారుడు అహ్మద్ సాహసాలు', 1926లో విడుదల. మూడేళ్ళు పట్టింది. ఇప్పటికీ మిగిలి ఉన్న పూర్తి నిడివి యానిమేషన్ సినిమాల్లో అదే మొదటిది. వాల్ట్ డిస్నీ స్నోవైట్ ఇంకో పదకొండేళ్ళకి గానీ రాలేదు. "ఈయమ్మ మనోళ్ళ బొమ్మలు చూసిందేమో" అన్నాడు నాన్న. చూసిందో లేదో గానీ, పక్కకి తిరిగిన ముఖం, విడిగా కదిలే మోచెయ్యి, వెనక వెలుతురు... దాయాదుల పోలిక మాత్రం దాచలేం. మనవాళ్ళకింకో మెట్టు ఎక్కువ, మనవి రంగుల నీడలు. మేకతోలుని నానబెట్టి, బొచ్చు గీకి, అవతలి వెలుతురు కనిపించేంత పల్చగా చేస్తారు. రెండు వైపులా రంగులేసి, చిన్న ఉలులతో తొలిచి నగలు పుట్టిస్తారు. ఆ చిల్లుల్లోంచి వెలుతురు కారితే అవి వజ్రాలైపోతాయి.

ఇక్కడో ఫిర్యాదు. మన తోలుబొమ్మల వీడియోలు చాలావరకు చూడలేకపోయాం. రాత్రంతా సాగే ఆటని అర నిమిషం ముక్క చేసి, పైన సినిమా పాట తగిలిస్తారు. కొందరైతే ఫోన్ ఫ్లాష్ వేసి మరీ తీస్తారు. నీడల ఆట మీద లైటేస్తే ఇంకేం మిగులుతుంది? వెతికితే మంచివీ ఉన్నాయి. కెమెరా కదపకుండా గంటా రెండు గంటలు తీసినవి, తెర వెనక్కి తీసుకెళ్ళి చూపించినవి. మీరు వెతికేటప్పుడు 'తోలుబొమ్మలాట' అని తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి కొట్టండి, వేరే వేరేవి వస్తాయి. ఉమ్మడి వరంగల్ జిల్లా అమ్మాపురం కొయ్యబొమ్మలాట కూడా చూడండి. కన్నడ దేశం వైపు కొప్పళ జిల్లా భీమవ్వ గారిని వెతకండి. తొంభై ఆరేళ్ళ వయసులో 2025 పద్మశ్రీ ఆవిడది. టీచర్లయితే ఇంకో మాట. మాదాపూర్‌లో సీసీఆర్‌టీ వాళ్ళ కేంద్రం ఉంది, పాఠాల్లో బొమ్మలాటని ఎలా వాడాలో టీచర్లకి నేర్పిస్తుంటారు.

మళ్ళీ మా ఇంటికి వద్దాం. ఒక ఆదివారం లేచి చూస్తే నాన్న కత్తెరతో దేన్నో కత్తిరిస్తున్నాడు. దగ్గరికెళ్ళి చూస్తే ఆయన తల స్కాన్ ఫిల్మ్! పక్షవాతం వచ్చిన రాత్రి తీసింది.

"నాన్నా! అది రిపోర్టు!"

"డాక్టరు కొత్తది తీసినాడు గదా. ఇది పాతదిలే. తోలు మాదిరే ఉంది, సూడు, వెలుతురుకి పెడితే అవతలికి కనిపిస్తాది."

కుడి చెయ్యి కత్తెర పడుతోంది. ఫిల్మ్ కదలకుండా అదిమి పట్టింది ఎడమ చెయ్యి. నేను గమనించినట్టు ఆయనకి తెలియనివ్వలేదు. గుమ్మం దగ్గరే నిలబడిపోయాను.

జుట్టుపోలిగాడు వారం రోజుల్లో తయారయ్యాడు. కీళ్ళకి దారం ముడులు, పట్టుకోడానికి చీపురు ఈనెలు. రంగులు దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్న గ్లాస్ పెయింట్లు. పొట్ట భాగంలో నాన్న మెదడు ఫొటోలు వరసగా అలాగే కనిపిస్తాయి. "వీనికి బుర్ర కడుపులో ఉంది, అందుకే తిండి ధ్యాస" అంటాడు. బంగారక్క కోసం మూలనపడున్న శుభలేఖ అట్ట వాడాం. ఆవిడ నీడ నల్లగా పడుతుంది, పాపం.

కష్టం ఆడించడంలో వచ్చింది. నడుం దగ్గరి ఈనె కుడి చేతిలో పట్టుకుంటే, బొమ్మ చేతికున్న ఈనె ఎడమ చేత్తో ఆడించాలి. మొదటి రెండు వారాలు ఈనె జారి పడుతూనే ఉంది. పడ్డప్పుడల్లా నాన్న పోలిగాడిని తిడతాడు, తన చేతిని కాదు. మళ్ళీ తీసుకుంటాడు. రబ్బరు బంతిని పదిసార్లు నొక్కని మనిషి గంటన్నర కూర్చునేవాడు. ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చి చూసి, "బంతి కూడా నొక్కండి అంకుల్" అన్నాడు గానీ ఈనె పట్టిన వేళ్ళని ఫొటో తీసుకుని వెళ్ళాడు. చెయ్యి బాగైపోయిందని నేను చెప్పను. చొక్కా గుండీలు ఇంకా నేనే పెడుతున్నాను. ఉంగరం వేలు అసలు మాట వినదు.

పోయిన నెల కరెంటు పోయిన రాత్రి హాల్లో దుప్పటి కట్టాం. వెనకాల నా ఫోన్ లైటు. కింది వాటాలో ఉండే ఉర్దూ మాట్లాడే కుటుంబం పిల్లలు నలుగురూ, ఎదురింటి బామ్మగారూ వచ్చి కూర్చున్నారు. నాన్న సీమ యాసలో పోలిగాడు, నేను బంగారక్క. పాట ఏదీ సరిగా రాదు, కాళ్ళ కింద చెక్కల బదులు స్టీలు పళ్ళెం. పిల్లలకి మాటలు సగం అర్థం కాలేదు, నవ్వు మాత్రం ఆగలేదు. ఎడమ చేతి ఈనె మధ్యలో రెండుసార్లు జారితే పోలిగాడి చెయ్యి వేలాడిపోయింది. కూడా కాలూ ఈడ్చింది.

చిన్నవాడు లేచి తెర దగ్గరికొచ్చి అడిగాడు. "దాదా, ఈయన ఎందుకు కుంటుతున్నాడు?"

దుప్పటి వెనకనుంచి నాన్న గొంతు వచ్చింది. "ధర్మవరం నుంచి నడుచుకుంటా వచ్చినాడు గదరా. నువ్వు రా, అంత దూరం!"