భయం ఎవరిది? కథ ఎవరిది?

కులం కంటికి కనిపించే అడ్డుగోడ కాదు, మనుషుల మనసుల్లో తిష్ఠ వేసిన భావన అని అంబేడ్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో తేల్చి చెప్పారు. ఆ మాట నిజమైతే, కులాన్ని లోతుగా చూపగల సినిమా రూపాల్లో మానసిక థ్రిల్లర్ ముందు వరుసలో ఉండాలి. అయితే మన థ్రిల్లర్లు హంతకుడి బాల్యాన్ని తవ్వుతాయి, రోగాన్ని తవ్వుతాయి. అతడి కులం జోలికి మాత్రం పోవు. 2022లో నేరుగా ఓటీటీలో విడుదలైన మలయాళ చిత్రం ‘పుళు’ ఆ మౌనాన్ని భంగపరిచింది.

‘పుళు’ అంటే పురుగు. రథీనా అనే దర్శకురాలికి ఇది తొలి చిత్రం. ఆధిపత్య కులానికి చెందిన మాజీ పోలీసు అధికారి కుట్టన్‌గా మమ్ముట్టి నటించారు. కుట్టన్ చెల్లెలు భారతి, రంగస్థల నటుడు కుట్టప్పన్‌ను పెళ్లాడి ఇంటికి దూరమైంది. ఆ దంపతులు కుట్టన్ ఉంటున్న అపార్ట్‌మెంట్‌కే వచ్చి చేరతారు. తనను ఎవరో చంపబోతున్నారని అతడు అడుగడుగునా అనుమానిస్తుంటాడు. చివరికి హత్య చేసేది మాత్రం అతడే. కుట్టప్పన్ ప్రదర్శించే నాటకం పరీక్షిత్తు, తక్షకుల కథ. ఎంత ఎత్తయిన మేడ కట్టుకున్నా పండులోని పురుగు లోపలికి రాక మానదు. కుట్టన్ కట్టుకున్న మేడ కులం. అతడిని తొలుస్తున్న పురుగూ అదే.

ఈ చిత్రం చేసిన పెద్ద పని, ప్రేమ ముసుగును తొలగించడం. కుట్టన్ కొడుకును ఊపిరాడనివ్వని క్రమశిక్షణలో బంధించి, దానికి పెంపకం అని పేరు పెడతాడు. ఈ తర్కం తెలుగువారికి కొత్త కాదు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ప్రణయ్ హత్య జరిగినప్పుడు, దానిని కన్నతండ్రి ప్రేమగా సమర్థించినవారు మన మధ్యే ఉన్నారు. 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. న్యాయస్థానం నేరాన్ని శిక్షించగలదు. ఆ సమర్థనను శిక్షించే చట్టం లేదు. ఆ పని సాహిత్యం, సినిమా చేయాలి.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ‘పుళు’లో కెమెరా ఎవరి మనసులో నివసిస్తోంది? అప్పుణ్ణి శశి పోషించిన కుట్టప్పన్ దీనుడు కాదు. ఆత్మగౌరవం, హాస్యం, కళ ఉన్న మనిషి. అయినా ప్రేక్షకుడు అత్యధిక సమయం గడిపేది పీడకుడి భయంతోనే. దళితుడి శవం దగ్గర కథ మరొకసారి మలుపు తిరుగుతుంది.

జోర్డాన్ పీల్ 2017లో తీసిన అమెరికన్ చిత్రం ‘గెట్ అవుట్’ను పక్కన పెట్టి చూడండి. సుమారు 45 లక్షల డాలర్లతో తీసిన ఆ చిన్న చిత్రం ప్రపంచవ్యాప్తంగా 25 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. అందులో భయపడేది నల్లజాతి యువకుడు క్రిస్. తెల్లవారి మర్యాదలోని ప్రమాదాన్ని ప్రేక్షకుడు అతడి కళ్లతోనే పసిగడతాడు. పోలీసులు క్రిస్‌ను అరెస్టు చేసే ముగింపును పీల్ మొదట చిత్రీకరించారు. తరువాత దానిని మార్చి అతడు స్వేచ్ఛగా బయటపడేలా చేశారు. పీడితుడు బతికి బయటపడటం కూడా ఒక రాజకీయ నిర్ణయమే. నల్లజాతి దర్శకుడే కథ రాసుకోవడం వల్ల ఆ నిర్ణయం ఆయన చేతిలో ఉంది.

అందుకే ప్రాతినిధ్యం అంటే తెరమీద తలల లెక్క మాత్రమే కాదు. మలయాళ తొలి కథానాయిక పి.కె. రోజీ దళిత స్త్రీ. మూకీ చిత్రంలో నాయర్ యువతి పాత్ర ధరించినందుకు ఆధిపత్య కులాల దాడికి గురై ఊరు విడిచిపోవలసి వచ్చింది. నాడు దళిత నటి తెరమీద కనిపించడమే నేరమైంది. నేడు దళిత పాత్ర కనిపిస్తోంది. కాని కథ నడిపే అధికారం ఇంకా చేతికి అందలేదు.

తెలుగులో ‘పలాస 1978’, ‘కలర్ ఫోటో’ వంటి చిత్రాలు వివక్షను కథావస్తువుగా స్వీకరించాయి. ఇక థ్రిల్లర్ వంతు. అద్దె ఇల్లు అడిగినప్పుడు, ఇంటిపేరు చెప్పినప్పుడు, ప్రేమ సంగతి ఇంట్లో తెలిసినప్పుడు ఒక దళిత యువతి గుండెలో కలిగే దడను మించిన ఉత్కంఠ ఏ సీరియల్ హంతకుడి కథలో ఉంటుంది? ఆ దడను ఎరిగినవారే కలం, కెమెరా పట్టాలి. హంతకుడి మనసును చూశాం. ఇకనైనా, అతడి బారి నుంచి బతికి బయటపడే మనసు తెరకెక్కాలి.