కారులో షార్టు: ఫ్యూజు చెప్పు సాక్ష్యము

ఒక కారు యజమాని తన కారులోని పాత రేడియోను తీసివేసి, కొత్త స్టీరియోను బిగించుచున్నాడనుకొందము. బ్యాటరీ తీగను విప్పకుండనే అతడు పని ప్రారంభించెను. తొడుగు ఒలిచిన తీగ కొన ఒకటి డ్యాష్‌బోర్డు వెనుకనున్న ఇనుప పట్టీకి తగిలెను. చిటుక్కుమని ఒక నిప్పురవ్వ! అంతే. స్టీరియో పలుకదు, లోపలి దీపము వెలుగదు, గడియారము నడువదు. అయినను తాళము త్రిప్పగా ఇంజను మామూలుగనే కదలినది. ఫ్యూజు మార్చగా కొత్తదియు వెంటనే పోయినది. “చిన్న ఫ్యూజు ఆగదు, పెద్దది వేయుము” అని ప్రక్కవారు సలహా చెప్పిరి. ఈ సలహా ఎంత ప్రమాదకరమైనదో తెలియవలెనన్న, ముందుగా కారులో విద్యుత్తు ప్రవహించు మార్గమును తెలిసికొనవలెను.

విద్యుత్తు పోవు దారి, వచ్చు దారి

కారు బ్యాటరీలో ఆరు ఘటములు శ్రేణిలో కలుపబడి యుండును. ఒక్కొక్క ఘటము సుమారు 2.1 వోల్టులు ఇచ్చును. కావున నిండుగా చార్జి అయిన బ్యాటరీ వోల్టేజి సుమారు 12.6. దీని ధనధ్రువము నుండి విద్యుత్తు ఫ్యూజుల గుండా, తీగల గుండా ఒక్కొక్క పరికరమునకు చేరును. తిరిగి వచ్చుటకు మాత్రము చాలచోట్ల వేరుగా పొడవైన తీగ యుండదు. కారు యొక్క లోహశరీరమే ఆ పని చేయును. బ్యాటరీ ఋణధ్రువము ఆ శరీరమునకే బిగింపబడి యుండును. మెకానిక్కులు దీనినే ‘ఎర్తు’ అందురు.

ఈ ఏర్పాటువలన తీగ ఆదా యగును. కాని ధనధ్రువపు తీగ ఎక్కడ ఒలిచికొనిపోయి లోహమునకు తగిలినను, విద్యుత్తుకు పరికరముతో పనిలేని అడ్డదారి ఏర్పడును. ఇదియే షార్టు.

పరికరములన్నియు సమాంతర శాఖలలో నుండును. పెక్కు కార్లలో స్టీరియో, గడియారము, లోపలి దీపము ఒకే ఫ్యూజు క్రింద నుండును. కావున మూడు వస్తువులు ఒక్కసారిగా ఆగిపోయినచో మూడు లోపములను వెదకరాదు. ఆ మూడింటికి ఉమ్మడిగా నున్నదేదో దానిని చూడవలెను. ఇంజను కదలినదన్న, బ్యాటరీయు దాని పెద్ద తీగలును బాగుగనే యున్నవని గ్రహింపవచ్చును.

వేడి లెక్క

ఒక తీగలో పుట్టు ఉష్ణము ప్రవాహము యొక్క వర్గమునకు అనులోమానుపాతములో నుండునని జౌల్ 1841లో ప్రకటించెను. మూడు మీటర్ల పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత గల రాగితీగ నిరోధము సుమారు 0.05 ఓము. అందులో 10 ఆంపియర్లు ప్రవహించినచో సెకనుకు 5 జౌళ్ల వేడి పుట్టును. ఇది లెక్కలోనిది కాదు.

ఫ్యూజు లేకుండ షార్టు ఏర్పడినదనుకొందము. బ్యాటరీ అంతర్నిరోధము 0.01 ఓము అనుకొన్నచో, మొత్తము 0.06 ఓము. ఓమ్ సూత్రము ప్రకారము ప్రవాహము 200 ఆంపియర్లు! ప్రవాహము 20 రెట్లు పెరుగగా వేడి 400 రెట్లు పెరుగును. అనగా తీగలో 2,000 వాట్లు. ఇది రెండు ఇస్త్రీపెట్టెల వేడి. ఆ తీగలోని రాగి 27 గ్రాములే. కాబట్టి ఉష్ణోగ్రత మొదట సెకనుకు 200 డిగ్రీల చొప్పున పెరుగును. ప్లాస్టిక్ తొడుగు కరుగును, ప్రక్క తీగల తొడుగులును కరుగును, ఒక షార్టు పది షార్టులగును, నిప్పంటుకొనును. ఫ్యూజు ఆ వలయములో బుద్ధిపూర్వకముగా ఉంచిన బలహీన భాగము. తీగ కాలకముందే అది కరగి దారి తెంచును.

ఇప్పుడు ‘పెద్ద ఫ్యూజు’ సలహాను పరీక్షింతము. షార్టు పూర్తిగా గాక, నలిగిన తీగ అరకొరగా తగులుచుండుటచే 25 ఆంపియర్లు పోవుచున్నవనుకొందము. 10 ఆంపియర్ల ఫ్యూజు పోవును. 30 ఆంపియర్ల ఫ్యూజు పోదు! స్టీరియోయు పాడుచుండును. కాని తీగలో 5 వాట్లకు బదులు 31 వాట్లు, తివాచీ క్రింద, కట్టలో నిమిడి, కనబడకుండ వేడెక్కుచుండును. ఫ్యూజుకు సిగరెట్టుపెట్టెలోని వెండిరేకు చుట్టుట ఇంతకన్న ఘోరము.

లోపమును వెదకు పద్ధతి

మొదట తాళము తీసివేసి, బ్యాటరీ ఋణధ్రువపు తీగను ముందుగా విప్పవలెను. ధనధ్రువమును ముందు విప్పబోయినచో స్పానరు కారు శరీరమునకు తగిలి, అదియే షార్టు కాగలదు. ఎయిర్‌బ్యాగుల తీగలను, సాధారణముగా పసుపుపచ్చగా నుండు వాటి కనెక్టర్లను ముట్టరాదు.

స్టీరియో కనెక్టరును ఊడదీసి, తగిలిన తీగకొనలకు వేరువేరుగా టేపు చుట్టవలెను. పిమ్మట పోయిన ఫ్యూజు స్థానమున రెండు తీగలతో 12 వోల్టుల, 21 వాట్ల బల్బునొకదానిని కలిపి, బ్యాటరీ తీగను తిరిగి బిగింపవలెను. షార్టు ఇంకను ఉన్నచో బల్బు నిండుగా వెలుగును. అయినను ప్రవాహము 21ని 12చే భాగించిన 1.75 ఆంపియర్లను మించదు. కావున తీగకు భయము లేదు, ఫ్యూజులు వృథా కావు. బల్బు వెలుగుచుండగా ఆ శాఖలోని పరికరములను ఒక్కొక్కటిగా విడదీయవలెను. తీగలకట్టను మెల్లగా కదపవలెను. ఎచ్చట బల్బు ఆరునో, లోపము అచ్చటనే. అయితే ఎయిర్‌బ్యాగులు, ఇంజను కంప్యూటరు గల శాఖలలో ఈ పరీక్ష చేయరాదు.

లోపము సరిచేసిన పిదప, పెట్టె మూతపై వ్రాసిన విలువగల ఫ్యూజునే వేయవలెను. ప్లాస్టిక్ ఫ్యూజులలో ఎరుపు 10, నీలము 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. అప్పటికిని స్టీరియో పలుకనిచో మల్టీమీటరుతో చూడవలెను. విడిగా కొను స్టీరియోలలో సాధారణముగా పసుపుతీగకు ఎల్లప్పుడు, ఎర్రతీగకు తాళము త్రిప్పినప్పుడు 12 వోల్టులు రావలెను, నల్లది ఎర్తు. ఇవి సరిగా నున్నచో చెడినది స్టీరియోయే.

ఓమ్ సూత్రమును, జౌల్ సూత్రమును విద్యార్థులు పరీక్షకొరకు వల్లింతురు. “పెద్ద ఫ్యూజు వేయుము” అను మాట విన్నప్పుడు కాగితముపై రెండు గుణకారములు చేసి, “వద్దు” అనగలిగిన విద్యార్థికే ఆ సూత్రములు వచ్చినట్లు.