పాత డెస్క్‌టాప్ కంప్యూటరును తుక్కుకు వేసే ముందు

పది పన్నెండేళ్ల క్రితం కొన్న డెస్క్‌టాప్ కంప్యూటరు మొరాయించడం మొదలుపెట్టగానే, దానిని తుక్కుకు వేయడమో, కొత్తది కొనడమో తప్ప మరో దారి లేదని అనేక కుటుంబాలు భావిస్తాయి. బెంగళూరు వంటి నగరంలో అద్దెలు, బడి రుసుములు భరిస్తున్న కుటుంబానికి కొత్త కంప్యూటరు చిన్న ఖర్చు కాదు. పాత యంత్రంలో చెడిపోయిన భాగమేదీ లేకపోతే, కొద్దిపాటి వ్యయంతో దానిని మరికొన్ని సంవత్సరాలు వాడుకోవచ్చు. అయితే పాత కంప్యూటరుకు రెండు వేర్వేరు సమస్యలుంటాయి. ఒకటి వేగం, రెండవది భద్రత. మెమరీ పెంచితే వేగం పెరుగుతుందే గాని భద్రత రాదు. ఆపరేటింగ్ సిస్టమ్ మారిస్తే భద్రత చేకూరుతుందే గాని మెమరీ కొరత తీరదు. ఈ తేడా తెలియక డబ్బు ఖర్చు చేసి నిరాశపడేవారు ఎందరో.

ముందుగా దస్త్రాల భద్రత

ఏ మార్పు చేపట్టినా మొదటి పని నకలు తీసుకోవడం. పిల్లల మార్కుల జాబితాలు, కుటుంబ ఛాయాచిత్రాలు, ఆధార్ ప్రతులు, సొంతూరిలోని పొలం పట్టాదారు పాసుపుస్తకం స్కాన్ ప్రతులు తరచు ఆ ఒక్క హార్డ్ డిస్కులోనే ఉంటాయి. వాటిని బయటి హార్డ్ డిస్కులోకో, పెన్‌డ్రైవ్‌లోకో ఎక్కించి, మరొక కంప్యూటరులో తెరిచి సరిచూసుకున్న తరువాతనే ముందుకు సాగాలి.

తెలుగులో టైపు చేసిన దస్త్రాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గౌతమి వంటి యూనికోడ్ ఫాంటుతో టైపు చేసిన వ్యాసాన్ని ఏ కంప్యూటరులోనైనా, వేరొక యూనికోడ్ ఫాంటుతోనైనా చదవవచ్చు. అను ఫాంట్ల వంటి పాత పద్ధతిలో టైపు చేసిన పాఠం మాత్రం ఆ ఫాంటు లేని చోట అర్థంలేని ఆంగ్ల అక్షరాలుగా, గుర్తులుగా కనిపిస్తుంది. పెళ్లి శుభలేఖలు, సంఘాల సావనీర్లు, కథల రాతప్రతులు ఇలా నిరుపయోగమైన సందర్భాలు కొల్లలు. కనుక పాత కంప్యూటరు పనిచేస్తుండగానే అటువంటి దస్త్రాలను పీడీఎఫ్‌గా భద్రపరచుకోవాలి. మున్ముందు దిద్దవలసినవి ఉంటే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

యంత్రాన్ని పరిశీలించడం

విండోస్ 10 ఉన్న కంప్యూటరులో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులోని పెర్ఫార్మెన్స్ విభాగంలో మెమరీ అనే చోట మొత్తం ర్యామ్ ఎంత, ఎంత వాడుకలో ఉంది, దాని వేగమెంత, ఎన్ని స్లాట్లు నిండాయి అన్న వివరాలు ఉంటాయి. రోజువారీ పని జరుగుతుండగా వాడుక ఎనభై, తొంభై శాతం దాటి ఉంటే మెమరీ చాలడం లేదని అర్థం. మెమరీ ఖాళీగానే ఉండి, డిస్కు వాడుక మాటిమాటికీ నూరు శాతానికి చేరుతుంటే లోపం హార్డ్ డిస్కు వద్ద ఉన్నట్లు భావించవచ్చు.

మరొక అంశం కూడా గమనించాలి. 32 బిట్ విండోస్ గరిష్ఠంగా 4 జీబీ ర్యామ్‌నే గుర్తిస్తుంది. ఆ సిస్టమ్‌ను అలాగే ఉంచి 8 జీబీ అమర్చినా ప్రయోజనం శూన్యం. ముందు 64 బిట్ సిస్టమ్‌కు మారవలసి ఉంటుంది.

మెమరీ ఎంపిక, అమరిక

డెస్క్‌టాప్ ర్యామ్‌లో డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4 వంటి తరాలున్నాయి. ఒక తరం ర్యామ్ మరో తరం బోర్డుకు సరిపడదు. డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288 పిన్నులు ఉంటాయి. అడుగున ఉండే గంటు స్థానం కూడా వేరు. వేగం 1333 లేదా 1600 అని కనిపిస్తే సాధారణంగా డీడీఆర్3 అనీ, 2133 లేదా అంతకు మించి ఉంటే డీడీఆర్4 అనీ గ్రహించవచ్చు. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది. అది డెస్క్‌టాప్‌కు పనికిరాదు.

ఉదాహరణకు, 2014 ప్రాంతంలో కొన్న నాలుగవ తరం ఇంటెల్ కోర్ ఐ3 కంప్యూటరును తీసుకుందాం. దాని బోర్డు హెచ్81 చిప్‌సెట్‌ది అయితే రెండు స్లాట్లు ఉంటాయి. గరిష్ఠంగా 16 జీబీ డీడీఆర్3 అమర్చవచ్చు. ఒక స్లాటులో 4 జీబీ ఉంటే, అదే వేగం గల మరో 4 జీబీ కలిపితే సాధారణ గృహావసరాలకు చాలుతుంది. రెండు స్లాట్లలో సమాన పరిమాణం ఉన్నప్పుడు మెమరీ రెండు మార్గాలలో పనిచేసి వేగం కొంత పెరుగుతుంది. పాత హార్డ్ డిస్కు స్థానంలో 240 లేదా 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీని ఆపరేటింగ్ సిస్టమ్‌కు వాడి, హార్డ్ డిస్కును ఛాయాచిత్రాలకు మాత్రమే ఉంచుకుంటే, కంప్యూటరు తెరుచుకోవడంలో కనిపించే తేడా ర్యామ్ వల్ల కలిగే తేడా కన్నా అధికం.

ఎస్.పి. రోడ్డు వంటి విపణులలో డీడీఆర్3 కొత్తవీ, వాడినవీ లభిస్తాయి. పాత ర్యామ్‌ను వెంట తీసుకువెళ్లి సరిపోల్చుకోవడం, బిల్లు, వారంటీ రాయించుకోవడం మంచిది. అమర్చే ముందు ప్లగ్గు తీసివేసి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోవాలి. క్యాబినెట్ లోహభాగాన్ని తాకితే ఒంట్లోని స్థిరవిద్యుత్తు తొలగుతుంది. గంటును సరిచూసి, రెండు అంచులా సమానంగా నొక్కితే క్లిప్పులు వాటంతటవే పడతాయి. కంప్యూటరు బీప్ శబ్దం చేస్తూ తెర వెలగకపోతే, ర్యామ్‌ను తీసి, పిన్నులను మెత్తని రబ్బరుతో తుడిచి తిరిగి అమర్చాలి. తారీకు తరచు తప్పుతుంటే బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ మార్చాలి. తారీకు సరిగా లేని కంప్యూటరులో బ్యాంకు వెబ్‌సైట్లు తెరుచుకోకపోవచ్చు.

ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విడిగా నమోదు చేసుకున్న వ్యక్తిగత వినియోగదారులకు భద్రతా నవీకరణలు 2026 అక్టోబరు 13 వరకు పొడిగించబడ్డాయి. ఇది గడువే గాని శాశ్వత పరిష్కారం కాదు. నవీకరణలు లేని కంప్యూటరులో బ్యాంకు లావాదేవీలు జరపడం తాళం చెడిన తలుపు వెనుక సొమ్ము దాచడమే.

విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, సెక్యూర్ బూట్, టీపీఎమ్ 2.0 ఉండాలి. ఇంటెల్‌లో ఎనిమిదవ తరం, ఆపై ప్రాసెసర్లకే సాధారణంగా ఆమోదం ఉంది. పైన చెప్పిన నాలుగవ తరం కంప్యూటరుకు ఎంత ర్యామ్ పెంచినా ఆ అర్హత రాదు. నిబంధనలను దాటవేసి విండోస్ 11 ఎక్కించే పద్ధతులున్నా, అటువంటి యంత్రాలకు నవీకరణలు అందుతాయన్న హామీ లేదు. అనధికార ప్రతులు, వాటిని క్రియాశీలం చేసే దొంగ ప్రోగ్రాములు మరింత ప్రమాదకరం. వాటితోపాటు వైరస్‌లు చొరబడవచ్చు.

ఇట్టి కంప్యూటర్లకు లినక్స్ మింట్ వంటి ఉచిత సిస్టమ్ అనువైనది. దాని ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపం 4 జీబీ ర్యామ్‌తోనే సాఫీగా నడుస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, పాత సిస్టమ్‌ను చెరపకుండా ముందుగా పరీక్షించే వీలుంది. ఆ పరీక్షలోనే ప్రింటరు, వైఫై, ధ్వని, తెలుగు టైపింగ్ సరిచూసుకోవాలి. యూనికోడ్ తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే లభిస్తుంది. లిబ్రెఆఫీస్‌తో ఉత్తరాలు, లెక్కలు తయారు చేయవచ్చు. అయితే ట్యాలీ వాడే దుకాణదారులు, అను ఫాంట్లతో డీటీపీ చేసేవారు, డిజిటల్ సంతకం టోకెన్ అవసరమైనవారు తొందరపడరాదు. వీటిలో కొన్ని విండోస్ కోసమే రూపొందినవి. అటువంటివారికి విండోస్ 11 అర్హత గల, వాడిన కంప్యూటరు కొనడం మేలు కావచ్చు.

తీసివేసిన భాగాలు

పనికిరాని హార్డ్ డిస్కును ఇతరులకు ఇచ్చే ముందు అందులోని సమాచారాన్ని పూర్తిగా చెరిపివేయాలి. దస్త్రాలను డిలీట్ చేసినంత మాత్రాన అవి పోవు. తిరిగి వెలికితీసే సాధనాలున్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, ఇటువంటి వ్యర్థాల పునర్వినియోగ ప్రక్రియను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదైన సంస్థలే చేపట్టాలి. బోర్డులలో సీసం వంటి హానికర లోహాలు ఉంటాయి గనుక వాటిని ఇంటి తడి, పొడి చెత్తలో కలపరాదు. బాగా పనిచేస్తున్న పాత ర్యామ్‌ను, అవసరమున్న మరో ఇంటికి అందజేయవచ్చు.