కర్నూలుకు కాపురం మార్చొచ్చా?

మాది నెల్లూరు జిల్లా విడవలూరు. మా ఆయన ఉద్యోగం కోసం కర్నూలుకు కాపురం మారుస్తుంటే చుట్టాలంతా ఒకటే మాట: "పోతే హైదరాబాదు పోండి, అక్కడేముంది?"

ఉంది. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని ఈ ఊరే. పెద్ద సర్కారు ఆసుపత్రి, మెడికల్ కాలేజీ ఉన్నాయి. అర్ధరాత్రి జబ్బు చేస్తే మా ఊళ్లోలా నెల్లూరుకు బండి మాట్లాడుకునే అవస్థ లేదు. హైదరాబాదులో రెండు గదులకు అడిగిన అద్దెకే ఇక్కడ వాకిలి, పెరడు ఉన్న ఇల్లు దొరికింది.

ఎండ మాత్రం ఓర్వలేనిది. విడవలూరులో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరుగుతుంది. ఇక్కడ మే నెలలో రాత్రిళ్లు కూడా గోడలు కాలుతుంటాయి. మామిడికాయ వేసి చేపల పులుసు పెట్టాలంటే ఐసులో వచ్చిన సముద్రపు చేపే గతి. నాకిది చిన్న లోటు కాదు.

తుపాను భయం తప్పిందని అమ్మ సంతోషించింది. కానీ 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది. ఇల్లు చూసేటప్పుడు ఆ వరద ఎక్కడిదాకా వచ్చిందో ఇరుగుపొరుగును అడగండి, అద్దె మాట తర్వాత. చదువుకునే పిల్లలుంటే నేనైతే రమ్మనే చెబుతాను. ఊళ్లో వరి, రొయ్యల గుంటలు సొంతంగా చూసుకునేవాళ్లు మాత్రం తొందరపడొద్దు.