మట్టిలో ప్రాణం లెక్కపెట్టేదెవరు?

మీ ఇంట్లో వ్యవసాయం ఉంటే బీరువాలో ఎక్కడో ఒక సాయిల్ హెల్త్ కార్డు ఉండే ఉంటుంది. ఒకసారి తీసి చూడండి. 2015లో మొదలైన ఈ పథకంలో మట్టికి 12 పరీక్షలు చేస్తారు. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, ఐదు సూక్ష్మపోషకాలు, పీహెచ్, ఈసీ, సేంద్రియ కర్బనం అన్నీ అందులో ఉంటాయి. ఒక్కటి మాత్రం ఉండదు. అది మట్టిలో బతికున్న జీవుల లెక్క.

చెంచాడు మంచి మట్టిలో వంద కోట్ల దాకా బ్యాక్టీరియా ఉండొచ్చు. సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెట్టి పైరుకు తిండిగా మార్చేది ఇలాంటి జీవులే. వాటిని లెక్కగట్టి, ఫలితాన్ని రైతుకు అర్థమయ్యేలా చెప్పడం కూడా ఓ ఉద్యోగమే. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, అగ్రికల్చర్ విద్యార్థులు దీనిపై ఓ కన్నేయాలి.

సాగు తీరును బట్టే..

హార్వెస్టర్ కోసి వెళ్లాక వరికొయ్యలకు నిప్పు పెడితే పైపొరలోని జీవులు మాడిపోతాయి. వాటికి తిండి కావాల్సిన గడ్డీ బూడిదవుతుంది. మైకోరైజా అనే శిలీంధ్రం వేళ్లకు అల్లుకుని దూరంలోని భాస్వరాన్ని మొక్కకు తెచ్చిపెడుతుంది. పదేపదే దున్నితే దాని దారాలు తెగిపోతాయి. డీఏపీ అవసరానికి మించి వేస్తే మొక్క ఆ శిలీంధ్రంతో పొత్తు తగ్గించుకుంటుంది. కంది, పెసర వేళ్ల బుడిపెల్లోని రైజోబియం గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. యూరియా ఎక్కువైతే ఆ బుడిపెలే సరిగా కట్టవు.

అలాగని ఎరువు వేయడమే తప్పు కాదు. ఎంత, ఎప్పుడు అన్నదే ముఖ్యం. జీలుగ, జనుము, పిల్లిపెసర లాంటి పచ్చిరొట్ట కలియదున్నితే ఈ జీవులకు మళ్లీ తిండి దొరుకుతుంది.

ఉద్యోగాలు ఎక్కడ?

మొదటిది, జీవన ఎరువుల తయారీ. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం రైజోబియం పొడిలో గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవంలో మిల్లీలీటరుకు 10 కోట్ల బతికున్న కణాలు ఉండాలి. ప్యాకెట్ ఎండలో పడి ఉంటే అవి చచ్చిపోతాయి. అప్పుడు రైతు డబ్బు పెట్టి కొన్నది ఉత్త పొడే. దాన్ని ముందే పట్టుకోవాల్సింది క్వాలిటీ కంట్రోల్ మైక్రోబయాలజిస్టు.

రెండోది, పరిశోధన. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, హైదరాబాద్‌లోని క్రిడా, రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థల వెబ్‌సైట్లలో ప్రాజెక్టు పోస్టుల ప్రకటనలు గమనిస్తూ ఉండండి. ఏఎస్ఆర్‌బీ నిర్వహించే నెట్‌లో అగ్రికల్చరల్ మైక్రోబయాలజీ ఒక సబ్జెక్టు. సంబంధిత పీజీ ఉంటే రాయొచ్చు.

మూడోది, క్షేత్రస్థాయి పని. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సాగును రైతు సాధికార సంస్థ నడిపిస్తోంది. రైతు ఉత్పత్తిదారుల సంఘాలూ ఉన్నాయి. ఇక్కడ డిగ్రీతోపాటు రైతుతో మాట్లాడే నేర్పు ఉండాలి.

ఇంటర్వ్యూకి ఇలా..

సీరియల్ డైల్యూషన్, ప్లేట్ కౌంట్ చేతులకు అలవాటు కావాలి. మట్టిలోని జీవుల్లో ప్లేటు మీద పెరిగేవి కొన్నే కాబట్టి డీఎన్ఏ సీక్వెన్సింగ్, ఆ డేటాను చదవడానికి కొద్దిగా 'ఆర్' ప్రోగ్రామింగ్ నేర్చుకోండి. 'విత్తనశుద్ధి ఏ వరుసలో చేయాలి?' అనే చిన్న ప్రశ్న దగ్గర తడబడొద్దు. ముందు శిలీంధ్రనాశిని, తర్వాత కీటకనాశిని, చివర్లో జీవన ఎరువు. ఆపై నీడలో ఆరబెట్టాలి.

ఈ సెలవుల్లోనే ఓ పని మొదలుపెట్టండి. కొయ్యలు కాల్చిన పొలంలో ఒకటి, పచ్చిరొట్ట వేసిన పొలంలో ఒకటి కొత్త నూలు గుడ్డ ముక్కలు అరచేయి లోతున పాతండి. రెండు నెలల తర్వాత తవ్వి, ఏది ఎక్కువ చివికిందో ఫొటో తీయండి. రెండు పొలాల మట్టినీ కాలేజీ ల్యాబ్‌లో ప్లేట్ చేసి, అంకెలు పక్కపక్కన రాసుకోండి. రెజ్యుమెలో 'ఆసక్తులు' కింద రాసే పది మాటల కన్నా ఆ ఒక్క పేజీకి విలువెక్కువ.